క్రాస్‌విండ్‌లో (పక్కగాలిలో) చిన్న విమానం దించడం ఎలా? సోలో (ఒంటరిగా ఎగరడం) దాకా వచ్చిన విద్యార్థులకు

వానాకాలం మొదలైందంటే ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "సార్, గాలి పక్క నుంచి కొడుతుంటే సెంటర్‌లైన్ మీద నిలవలేకపోతున్నాను. దిగేముందు ఏం చేయాలి?"

దిగేముందు చేయాల్సింది చెప్తాను. కానీ నేను విద్యార్థిగా ఉన్నప్పుడు విమానాన్ని బురదలోకి తోలింది దిగేముందు కాదు, చక్రాలు రన్‌వేకి తగిలిన తర్వాత. అందుకే ఈ వ్యాసంలో ఆ తర్వాతి పది సెకన్ల గురించి కూడా వివరంగా ఉంటుంది.

అప్పటికి నాకు ఇరవై రెండు గంటల ఫ్లయింగ్. సెస్నా 152లో మూడో సోలో. ఎడమ పక్క నుంచి 8 నాట్స్ గాలి. (నాట్లు అని రాస్తే మా అమ్మకి వరినాట్లే గుర్తొస్తాయి కాబట్టి నాట్స్ అనే రాస్తున్నాను. ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు.) ఆ విమానానికి అదేమంత గాలి కాదు. ముక్కు కాస్త ఎడమకి తిరిగి ఉండగానే చక్రాలు తగిలాయి. కిర్రుమని ఒక కుదుపు. విమానం కుడికి విదిలించుకుని నాలుగైదు అడుగులు పైకి లేచింది. గాలిలోకి లేచాక పక్కగాలి ఊరుకోదు కదా, కుడివైపు జరగడం మొదలైంది. ఎలాగోలా నేలమీద పెట్టేయాలన్న కంగారులో యోక్ (ముక్కునీ రెక్కల వాలునీ మార్చే స్టీరింగ్) ముందుకి తోశాను. కుడికాలు రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక చుక్కాని) పెడల్ మీద బిగుసుకుపోయి ఉంది. ఈసారి ముందు తగిలింది నోస్‌వీల్ (ముక్కు కింది చక్రం). 152లో అది పెడల్స్‌తోపాటే తిరుగుతుంది. కుడికి తిరిగి ఉన్న చక్రం విమానాన్ని కుడికే లాక్కుపోయింది. రన్‌వే అంచు దాటితే వానకి నానిన మట్టి. ప్రొపెల్లర్ ఆ మట్టిని కొట్టిన చప్పుడు రోకటిపోటులా రెండుసార్లు వినిపించింది. తర్వాత ఏమీ లేదు, ప్యానెల్ వెనక జైరోలు (దిశ, వాలు చూపే పరికరాల్లోని చక్రాలు) తిరుగుతున్న సన్నటి రొద తప్ప.

నాకు దెబ్బలేం తగల్లేదు. సాయంత్రం హ్యాంగర్‌లో ఇంజినీరు గారు వంగిన బ్లేడు మీద చెయ్యి వేసి, "నువ్వు దిగిపోయావు బాబూ, విమానం ఇంకా దిగలేదు" అన్నారు. చాలా రోజులు ఆ మాట నాకు కోపం తెప్పించింది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి రోజూ నేనే చెప్తున్నాను.

ఇంకొక్క మాట. ఇది చదివి ఒంటరిగా ప్రయత్నించకండి. మీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఉండగా చేయండి. ఆయన పద్ధతి దీనికి కొంచెం తేడాగా ఉంటే ఆయన చెప్పిందే చేయండి.

ముందుగా కావలసినవి

మీ విమానం హ్యాండ్‌బుక్. అందులో 'డిమాన్‌స్ట్రేటెడ్ క్రాస్‌విండ్' అనే అంకె వెతకండి. సెస్నా 152కి 12 నాట్స్, 172ఎస్‌కి 15 నాట్స్. తయారీదారు పరీక్షల్లో ఆ గాలిలో విమానాన్ని దింపి చూపించారని మాత్రమే దాని అర్థం. అది దాటితే విమానం పడిపోతుందని కాదు, దాని లోపల ఉంటే మీరు క్షేమమనీ కాదు. ఈ అంకెని ఎలా అర్థం చేసుకోవాలో పెద్ద విమానాలు నడిపేవాళ్ళకే స్పష్టత లేకపోయిన సందర్భం ఒకటుంది. 2008 మార్చి 1న హాంబర్గ్‌లో తుఫాను గాలిలో దిగుతున్న లుఫ్తాన్సా ఏ320 ఎడమ రెక్క చివర నేలకి రాసుకుంది. పైలట్లు వెంటనే గో-అరౌండ్ చేసి (దిగడం మానేసి మళ్ళీ పైకి లేచి), మరో రన్‌వే మీద క్షేమంగా దింపారు. జర్మనీ దర్యాప్తు సంస్థ నివేదికలో ఈ 'డిమాన్‌స్ట్రేటెడ్' మాట మీద ఉన్న గందరగోళం కూడా చర్చకి వచ్చింది.

మీ సొంత పరిమితి. ఇది హ్యాండ్‌బుక్‌లో ఉండదు. ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని 'సోలోకి ఇన్ని నాట్స్ క్రాస్‌విండ్ దాకా' అని లాగ్‌బుక్‌లో రాయించుకుని సంతకం పెట్టించుకోండి. నోటిమాట పనికిరాదు. రన్‌వే పక్కన నిలబడ్డప్పుడు నోటిమాట రెండు నాట్స్ పెరుగుతుంది, నా అనుభవం.

సీటు. నవ్వకండి. సీటు ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఉండాలి. పొట్టివాళ్ళు కుషన్ వాడండి. సీటు సర్దుకున్నాక రెండు పెడల్స్‌నీ చివరిదాకా తొక్కగలుగుతున్నారా చూడండి. చాలామందికి సగం దాకానే కాలు అందుతుంది, మామూలు రోజుల్లో ఆ సంగతి తెలియను కూడా తెలియదు. సీటు లాక్ పడిందో లేదో ముందుకీ వెనక్కీ ఊగి చూడండి.

ఇంధనం. రెండుసార్లు గో-అరౌండ్ చేసి, అప్పటికీ కుదరకపోతే ఇంకో రన్‌వేకో, పక్క ఎయిర్‌ఫీల్డ్‌కో వెళ్ళేంత ఉండాలి. ఇంధనం తక్కువున్నవాడికి గో-అరౌండ్ చేయాలని మనసొప్పదు.

మన దగ్గర నేర్చుకునేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. పొద్దున ఆరున్నర స్లాట్‌లోనే నాలుగు నెలలు ఎగిరిన కుర్రాడికి గాలి అంటే ఏమిటో తెలియదు. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) తడిసిన తువ్వాలులా వేలాడుతూ ఉంటుంది. యాభై ల్యాండింగులూ చక్కగానే వచ్చుంటాయి. అలాంటివాడు ఒకరోజు ఆలస్యమై పదకొండింటికి సోలో వెళ్తాడు. సోలోకి ముందే అడిగి మరీ కనీసం నాలుగైదు మధ్యాహ్నాలు డ్యూయల్‌లో (ఇన్‌స్ట్రక్టర్‌తో) ఎగరండి. అమెరికాలో నేర్చుకునేవాళ్ళకైతే సోలోకి పంపేముందు క్రాస్‌విండ్ టేకాఫ్‌లు, ల్యాండింగులు నేర్పి ఉండాలని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వారి 61.87 నిబంధనలోనే ఉంది. ఎండాకాలం సాయంత్రాలు ఉరుములతో వచ్చే ఈదురుగాలి మాత్రం సాధన కోసం కాదు. అది కనిపిస్తే విమానం కట్టేసి టీ తాగండి.

1. గాలిని నేలమీదే లెక్కకట్టండి

హైదరాబాద్ బేగంపేట రన్‌వే 09/27 తీసుకుందాం. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది కాబట్టి 27 అనుకోండి. టవర్ గాలి 240 డిగ్రీల నుంచి 14 నాట్స్ అంది. రన్‌వే దిశ 270. తేడా 30 డిగ్రీలు.

గడియారం లెక్క గుర్తుపెట్టుకోండి. 15 డిగ్రీల తేడాకి పావు, 30కి సగం, 45కి ముప్పావు, 60 దాటితే మొత్తం. అంటే ఇక్కడ క్రాస్‌విండ్ 14లో సగం, 7 నాట్స్. గాలి 22 దాకా గస్ట్ అవుతోందని (ఉండుండి విసురుగా పెరుగుతోందని) చెప్తే 22లో సగం, 11. మీ పరిమితితో పోల్చాల్సింది ఈ 11ని, 7ని కాదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇంకో చిన్న మెలిక. టవర్ మీకు చెప్పే గాలి అయస్కాంత ఉత్తరాన్ని బట్టి, మెటార్‌లో (విమానాశ్రయ వాతావరణ నివేదికలో) రాసి ఉండే గాలి నిజ ఉత్తరాన్ని బట్టి. మన దగ్గర తేడా ఒకటి రెండు డిగ్రీలే, పట్టించుకోనక్కర్లేదు. సియాటిల్ వైపు ఎగిరేవాళ్ళకి అది పదిహేను డిగ్రీల దాకా ఉంటుంది, అక్కడ పట్టించుకోవాలి.

టవర్ లేని చోట విండ్‌సాకే దిక్కు. ఐదు పట్టీల సాక్ అయితే అడ్డంగా సాగిన ఒక్కో పట్టీకి సుమారు 3 నాట్స్ లెక్క. పూర్తిగా సాగితే 15 లేదా అంతకన్నా ఎక్కువ. ఎంత ఎక్కువో సాక్ చెప్పదు.

2. సర్క్యూట్‌లోనే సగం పని అయిపోవాలి

సర్క్యూట్ అంటే దిగడానికి రన్‌వే చుట్టూ ఎగిరే దీర్ఘచతురస్రపు దారి: రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్ళేది డౌన్‌విండ్, అక్కడి నుంచి అడ్డంగా తిరిగేది బేస్, రన్‌వేకి సూటిగా దిగుతూ వచ్చేది ఫైనల్. రన్‌వే 27, ఎడమచేతి సర్క్యూట్, గాలి నైరుతి నుంచి అనుకోండి. డౌన్‌విండ్‌లో మీరు రన్‌వేకి దక్షిణాన తూర్పుకి వెళ్తుంటారు. గాలి మిమ్మల్ని రన్‌వే వైపు నెడుతూ ఉంటుంది. ముక్కు కొంచెం కుడికి పెట్టకపోతే తెలియకుండానే దగ్గరకి జరిగిపోతారు. తర్వాత బేస్‌లోకి తిరిగితే గాలి వెనక నుంచి తోస్తుంది. ఒకవైపు దూరం తగ్గింది, మరోవైపు వేగం పెరిగింది. ఫైనల్ లైన్ దాటి అవతలకి వెళ్ళిపోతారు.

అక్కడ చేసే తప్పు ప్రాణం మీదకి తెస్తుంది. లైన్ దాటిపోతున్నామని ఎడమ రడ్డర్ తొక్కి ముక్కుని లాగుతారు. రెక్క ఎక్కువ వాలిపోతుందని యోక్ కుడికి పట్టుకుంటారు. వేగం తగ్గుతుంది. ఇది స్పిన్‌కి (విమానం గిరగిరా తిరుగుతూ పడిపోవడానికి) నేరుగా దారి, 500 అడుగుల్లో స్పిన్ నుంచి బయటపడే ఎత్తు ఉండదు. లైన్ దాటితే దాటనివ్వండి. మామూలు బ్యాంక్‌తోనే (రెక్క వాలుతోనే) తిరగండి, కుదరకపోతే గో-అరౌండ్. అసలు దాటకుండా ఉండాలంటే డౌన్‌విండ్‌ని కాస్త దూరంగా పెట్టి, బేస్ నుంచి తిరగడం ముందే మొదలుపెట్టండి.

3. ఫైనల్‌లో పీత నడక

గోదావరి రేవు దాటించే పడవవాడిని చూసే ఉంటారు. అవతలి రేవుకి సూటిగా ముక్కు పెట్టడు, ఎగువకి పెడతాడు. నది వాణ్ణి కిందకి తోస్తుంది, పడవ సరిగ్గా రేవుకే చేరుతుంది. ఫైనల్‌లో మీరూ అంతే. రెక్కలు సమంగా, ముక్కు గాలివైపు కొన్ని డిగ్రీలు తిప్పి, విమానం మాత్రం సెంటర్‌లైన్ పొడిగింపు మీదే జారుతూ రావాలి. దీన్నే క్రాబ్ అంటారు.

వేగం విషయంలో, హ్యాండ్‌బుక్ వేగానికి గస్ట్ తేడాలో సగం కలపండి. గాలి 14, గస్ట్ 22 అయితే తేడా 8, కలపాల్సింది 4. 65 అనుకున్నది 69. అంతకు మించి వద్దు. 'భద్రత కోసం' పది నాట్స్ కలిపేవాళ్ళని చూశాను. ఆ పది నాట్స్ రన్‌వే మీద తేలుతూ పోతాయి, తేలినంతసేపూ గాలి మిమ్మల్ని పక్కకి తోస్తూనే ఉంటుంది.

ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందకి దించే పలకలు) రన్‌వే పొడవుకి ఎంత అవసరమో అంతే వాడండి. పొడవైన రన్‌వే మీద పూర్తి ఫ్లాప్స్ అక్కర్లేదు.

4. 300 అడుగుల దగ్గర పరీక్ష

నేర్చుకునే రోజుల్లో క్రాబ్ నుంచి 'వింగ్ లో' (గాలివైపు రెక్క దించే) పద్ధతికి 300 అడుగుల ఎత్తులోనే మారిపోండి. చివరి క్షణంలో ముక్కు తిప్పి దించడం అనుభవం వచ్చాక చేసుకోవచ్చు. క్రాబ్ మంచిదా, వింగ్ లో మంచిదా అని వాదించుకోవడం దండగ. ఫైనల్‌లో ఒకటి, దిగేటప్పుడు ఒకటి.

గాలి ఎడమ నుంచి వస్తుంటే ఇలా:

• కుడి రడ్డర్‌తో ముక్కుని రన్‌వేకి సమాంతరంగా తెండి.
• విమానం కుడికి జరగబోతుంది. యోక్ ఎడమకి తిప్పి ఎడమ రెక్క దించండి, జరగడం ఆగేదాకా.
• ఇలా వెళ్తే విమానం త్వరగా కిందకి దిగుతుంది. కొంచెం పవర్ కలపండి.

ముక్కు ఎటు చూస్తోందన్నది కాళ్ళ పని, పక్కకి జరుగుతోందా అన్నది చేతుల పని. వంతెన మీద పక్కగాలి కొడుతుంటే టూవీలర్‌ని కాస్త గాలివైపు వంచి నడుపుతాం కదా, ఒంటికి ఆ సంగతి ముందే తెలుసు. రడ్డర్ ఒక్కటే కొత్త.

ఇప్పుడు అసలు పరీక్ష. కుడి పెడల్ చివరిదాకా తొక్కినా ముక్కు ఇంకా ఎడమకే చూస్తోందా? అయితే ఈ రన్‌వే మీద ఈ గాలిలో ఈ విమానం దిగదు. లెక్కలు, టవర్ మాట, మీ పరువు అన్నీ పక్కనపెట్టి పైకి వెళ్ళిపోండి. నేలకి దగ్గరైతే గాలి కొంచెం తగ్గుతుందన్న ఆశ మీద ఆధారపడకండి.

5. ఫ్లేర్

నేలకి తగిలేముందు ముక్కు మెల్లగా ఎత్తి వేగం తగ్గించడమే ఫ్లేర్. అప్పుడు చూపు రన్‌వే చివర ఉండాలి. ముక్కు ముందున్న నేలని చూస్తే పక్కకి జరగడం కనిపించదు.

వేగం తగ్గేకొద్దీ కంట్రోల్స్‌కి పట్టు తగ్గుతుంది. ఫైనల్‌లో యోక్ పావు వంతు తిప్పితే సరిపోయినది ఫ్లేర్‌లో సగం కావాలి, తగిలే క్షణానికి ఇంకా ఎక్కువ. కాలు కూడా అంతే. నాకు తెలిసిన ప్రతి విద్యార్థీ దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాడు. నేల దగ్గర పడుతుంటే రెక్క వంకరగా ఉందని భయమేసి, ఆఖరి నిమిషంలో రెక్కలు సమం చేస్తాడు. అంతవరకూ పడ్డ కష్టమంతా వృథా, విమానం పక్కకి జరుగుతూ దిగుతుంది.

గాలివైపు చక్రం ముందు తగలాలి. ఒక్క చక్రం మీద దిగడం తప్పు కాదు, ఇక్కడ అదే ఒప్పు. తర్వాత రెండో మెయిన్ వీల్, చివర్లో నోస్‌వీల్. మధ్యలో తొందరపడి దేన్నీ కిందకి నొక్కకండి.

6. చక్రాలు తగిలాక

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

గాలివైపు చక్రం తగలగానే యోక్‌ని మధ్యకి తేకండి. అక్కడే పట్టుకుని, వేగం తగ్గేకొద్దీ ఇంకా ఇంకా గాలివైపు తిప్పుతూ పోండి. నడక వేగానికి వచ్చేసరికి యోక్ పూర్తిగా గాలివైపు ఉండాలి. ఎందుకంటే విమానం ఇంకా సగం బరువు రెక్కల మీదే మోస్తోంది. యోక్ వదిలితే గాలివైపు రెక్క లేస్తుంది.

నోస్‌వీల్ దానంతటది దిగేలా యోక్‌ని కొంచెం వెనక్కే పట్టుకోండి. అది నేలకి తగిలే ముందు క్షణంలో రడ్డర్‌ని మధ్యకి తెచ్చేయండి. సెస్నాల్లో నోస్‌వీల్ పెడల్స్‌తో తిరుగుతుందని చెప్పాను కదా, కుడి పెడల్ తొక్కి ఉండగా తగిలితే విమానం కుడికి దూకుతుంది. నేను బురదలోకి వెళ్ళింది అలాగే. తగిలిన తర్వాత గాలి తోకని తోసి ముక్కుని గాలివైపు తిప్పాలని చూస్తుంది. అప్పుడు మళ్ళీ చిన్న చిన్న రడ్డర్ తాపులతో సూటిగా ఉంచండి.

బ్రేకులు మెల్లగా. గాలివైపు చక్రం మీద బరువు తక్కువుంటుంది కాబట్టి గట్టిగా నొక్కితే జారుతుంది.

ఫ్లాప్స్ లేపడం, లైట్లు, రేడియో అన్నీ రన్‌వే దాటాక. టవర్ పిలిచినా సరే, ముందు విమానం, తర్వాత జవాబు.

7. ఎగిరి పడితే

నేలకి తగిలి అడుగున్నర లోపు లేచిందా? అదే రెక్క వాలుని, అదే రడ్డర్‌ని పట్టుకుని, ముక్కుని అక్కడే ఉంచి మళ్ళీ దిగనివ్వండి. అంతకన్నా ఎక్కువ లేచిందా, లేదా లేచి పక్కకి జరుగుతోందా? గో-అరౌండ్. యోక్ ముందుకి తోయకండి. ముందుకి తోస్తే నోస్‌వీల్ ముందు తగులుతుంది, మళ్ళీ ఎగురుతుంది, ఒక్కో గెంతూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. నోస్‌గేర్ విరిగేదీ, ప్రొపెల్లర్ నేలని కొట్టేదీ చాలాసార్లు రెండో గెంతులోనో, మూడో గెంతులోనో.

గో-అరౌండ్ వరుస: పూర్తి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట), కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడిగాలి ఇచ్చే మీట) ఉన్న విమానమైతే దాన్ని కోల్డ్‌కి, ఫ్లాప్స్ 20కి, వేగం పెరిగాక మిగతావి కొద్దికొద్దిగా. ఎడమగాలి ఉన్నప్పుడు ఒక ప్రమాదం దాక్కుని ఉంటుంది. థ్రాటిల్ ఒక్కసారిగా తోయగానే ఇంజిన్ ప్రభావంతో ముక్కు ఎడమకి లాగుతుంది, గాలి కూడా దాన్ని ఎడమకే తిప్పుతోంది. రెండూ కలుస్తాయి. కుడికాలు థ్రాటిల్‌తోపాటే ముందుకెళ్ళాలి. చేయీ కాలూ కలిసి కదిలేలా ఇంట్లో కుర్చీలో కూర్చుని సాధన చేయండి. మా ఇంట్లోవాళ్ళు దీన్ని చూసి మొదట్లో భయపడ్డారు.

8. టాక్సీ

నేలమీద విమానాన్ని నడిపించేటప్పుడు ఎదురుగా ఒక పక్క నుంచి గాలి వస్తే యోక్ గాలివైపు తిప్పండి. వెనక ఒక పక్క నుంచి వస్తే యోక్ గాలికి వ్యతిరేకంగా తిప్పి ముందుకి నొక్కిపట్టండి. వెనకగాలిలో వేగంగా మలుపు తిప్పకండి. కట్టేసేదాకా ఇదంతా ల్యాండింగే.

ఎక్కువగా చేసే ఒక తప్పు, ఎవరూ చెప్పనిది

మీరు ఎడమ సీట్లో కూర్చుంటారు. ప్రొపెల్లర్ మధ్యభాగం మీకు కుడివైపు ఉంటుంది. దాన్ని రన్‌వే చివరికి కలిపి 'సూటిగా ఉన్నాను' అనుకుంటే ముక్కు నిజానికి ఎడమకి తిరిగి ఉంటుంది. ఎడమగాలిలో ఇది క్రాబ్‌తో కలిసిపోయి అసలు కనిపించదు. నా ప్రమాదంలో మొదటి కుదుపుకి కారణం ఇదేనని తర్వాత తెలిసింది. కుడిగాలిలో నా ల్యాండింగులన్నీ బాగుండేవి, ఎడమగాలిలోవే పాడయ్యేవి, ఎందుకో నెలలపాటు అర్థం కాలేదు.

విరుగుడు తేలిక. ఒకరోజు విమానాన్ని సెంటర్‌లైన్ మీద సరిగ్గా నిలబెట్టించి, మీ కళ్ళకి నేరుగా ఎదురుగా కౌలింగ్ (ఇంజిన్ మూత) మీద ఏముందో చూసుకోండి. ఒక రివెట్, గీత, ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ లేకపోతే ఇన్‌స్ట్రక్టర్ అనుమతితో విండ్‌షీల్డ్ లోపల చెరిగిపోయే పెన్సిల్‌తో చుక్క పెట్టండి. ఇక నుంచి రన్‌వేకి సమాంతరంగా ఉండాల్సింది ఆ చుక్క మీదుగా వెళ్ళే చూపు. సీటు ఎప్పుడూ ఒకే చోట ఉండాలన్నది ఇందుకే.

దిగకుండా దిగడం నేర్చుకునే అభ్యాసం

అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే. ఇన్‌స్ట్రక్టర్‌తో, టవర్ అనుమతి తీసుకుని, పొడవైన రన్‌వే మీద పదిహేను ఇరవై అడుగుల ఎత్తులో దిగకుండా ఎగరండి. ముక్కు సూటిగా ఉంచుతూ, రెక్క వాలు మాత్రమే మార్చి సెంటర్‌లైన్ నుంచి ఎడమ అంచుకి, అక్కడి నుంచి మధ్యకి జరపండి. రన్‌వే చివర రాకముందే పైకి. మామూలు ల్యాండింగ్‌లో ఈ పని చేసే సమయం నాలుగైదు సెకన్లు, ఇలా చేస్తే ఒక్కసారికి ముప్పై దొరుకుతాయి. పది మామూలు ల్యాండింగుల్లో రానిది ఇలా రెండుసార్లలో వస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ వద్దంటే, మూడు వేల అడుగుల ఎత్తులో తిన్నని రోడ్డు ఒకటి చూసుకుని దాని వెంట వింగ్ లోలో ఎగరండి. అంత బాగుండదు, కానీ పనికొస్తుంది.

ఒకవేళ జరిగితే

విమానం ఆగగానే మిక్స్చర్ (ఇంజిన్‌కి ఇంధనం ఆపే మీట) కట్, ఫ్యూయల్ ఆఫ్, ఇగ్నిషన్ ఆఫ్, మాస్టర్ (కరెంటు స్విచ్) ఆఫ్. తలుపు తీసి గాలి వచ్చేవైపు దూరంగా వెళ్ళండి. బ్యాగ్, ఫోన్ కోసం వెనక్కి వెళ్ళకండి. మనుషుల్ని కాపాడటానికి తప్ప విమానాన్ని కదపకూడదు, దర్యాప్తు వాళ్ళు చూడాలి. ఆ రాత్రే జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసుకోండి, మర్నాటికి జ్ఞాపకం మారిపోతుంది.

ఏమీ విరగలేదు, గట్టిగా కొట్టుకుంది అంతే అనిపించినా ఇంజినీరుకి చెప్పకుండా విమానాన్ని తర్వాతి విద్యార్థికి ఇవ్వకండి. తిట్లు తింటారు, అంతకన్నా ఏముంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

బాగా దిగినట్టు అనిపించడం సాక్ష్యం కాదు. ఇవి చూడండి.

చప్పుళ్ళు లెక్కపెట్టండి. కీచ్, కాస్త ఆగి కీచ్, ఇంకాస్త ఆగి నోస్‌వీల్ టక్. మూడు విడివిడిగా వినిపించాలి. మొదటి రెండూ కలిసి వస్తే రెక్కలు సమం చేసేశారు. మూడూ ఒక్కసారే వస్తే విమానాన్ని నేలకి కొట్టారు.

దిగిన క్షణంలో సెంటర్‌లైన్ ఎక్కడుంది? పక్కకి ఎంత ఉందో ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి, మీ అంచనా ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

నిలిపాక వంగి టైర్లు చూడండి. అంచున అడ్డంగా కొత్త గీతలు పడితే పక్కకి జారుతూ దిగినట్టు.

చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. టాక్సీవేలోకి తిరగబోయే ముందు ఒక్కసారి కిందకి చూసి యోక్ ఎక్కడుందో గమనించండి. ఎవరికీ చెప్పనక్కర్లేదు. లాగ్‌బుక్ రిమార్క్స్‌లో రాసుకోండి. నా పాత లాగ్‌బుక్‌లో, ప్రమాదం తర్వాత మళ్ళీ ఎగరనిచ్చిన మొదటివారంలో, వరుసగా ఇలా ఉంటుంది:

"27. గాలి 240/11. ఎడమ చక్రం ముందు. యోక్ మధ్యలో."

"27. గాలి 250/12. రెండూ కలిసి. యోక్ మధ్యలో."

"27. గాలి 230/10. ఎడమ చక్రం ముందు. యోక్ సగం ఎడమకి. తర్వాత టవర్ పిలిచింది, వదిలేశాను."